ఎవరి బొటనవేలు?

"గ్రూపుల్లోంచి వెళ్ళిపోవడమంటే ఉద్యోగంలోంచి వెళ్ళిపోవడమే. ఆ సంగతి నీకు తెలుస్తోందా అసలు?" అన్నాడు భర్త. ఒక చేతిలో టీ కప్పు, ఇంకో చేతిలో ఫోను. కళ్ళు మాత్రం ఫోను మీదే ఉన్నాయి.

ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉంది. పాలు పొంగబోతుంటే మంట తగ్గించింది.

"పదిహేడు గ్రూపులు! మంగళవారం సాయంత్రం ఆరూ అయిదుకి మొదలుపెట్టి ఆరూ తొమ్మిదికల్లా పదిహేడింట్లోంచీ వెళ్ళిపోయావు. ఆఖరికి మన ఇంటి గ్రూపులోంచి కూడా. అందులో ఉన్నదే ముగ్గురం!"

"ఆ ముగ్గురం ఇక్కడే ఉన్నాం కదండీ. చెప్పేదేదో నోటితో చెప్పండి."

బల్ల దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు తల వంచుకుని నవ్వుకుంది. నాలుగు రోజుల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది. ఎక్కువసేపు నిలవలేదు.

ఆసుపత్రి రక్తపరీక్షల ల్యాబులో ఆయన మేనేజరు. ఎప్పుడూ టింగుమనే ఆయన ఫోనుని బట్టి ల్యాబులో అందరూ ఆయన్ని వెనకాల 'టింగు సారు' అంటారు. ఎనిమిదేళ్ళ కిందట ఒక కొరియర్ ఆఫీసు నుంచి వచ్చాడు. అంతకు ముందు రక్తం అంటే ఆయనకి తెలిసిందల్లా గడ్డం గీసుకున్నప్పుడు వచ్చేదే. వచ్చీ రాగానే ల్యాబుకు క్రమశిక్షణ నేర్పుతానని గ్రూపులు పెట్టడం మొదలుపెట్టాడు. పగటి షిఫ్టుకొకటి, రాత్రి షిఫ్టుకొకటి, రెండూ కలిపి ఒకటి. యంత్రాలకొకటి, యంత్రాల మీద ఫిర్యాదులకొకటి. శుభోదయాలు వేరే గ్రూపుల్లో పెట్టకూడదని శుభోదయాలకే ఒక గ్రూపు పెట్టాడు. ఆ నిబంధనను మిగతా గ్రూపులన్నిటిలోనూ రోజూ పొద్దున్నే పెడుతుంటాడు.

అదే ల్యాబులో ఆమె సూపర్‌వైజరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. రిపోర్టు మీద ఆమె సంతకం ఉంటే డాక్టర్లు రెండోసారి పరీక్ష చేయించరు. రక్తంలో ప్రాణం మీదికి వచ్చే అంకె కనిపిస్తే ఆమె గోడకున్న ఫోను ఎత్తి డాక్టరుకి చెప్పేది. చెప్పి ఊరుకునేది కాదు, "ఇప్పుడు నేనేం చెప్పానో మీరు చెప్పండి" అనేది. డాక్టర్లు విసుక్కునేవారు, విసుక్కుంటూనే చెప్పేవారు. ఆ తర్వాత రోగి ఇంటికి కూడా చేసి, వెంటనే బయలుదేరి రమ్మనేది.

టింగు సారుకి ఇదంతా పాతకాలపు చాదస్తంగా కనిపించింది. అలాంటి రిపోర్టుల కోసం ఒక గ్రూపు పెట్టి, కొత్త పద్ధతి చెప్పాడు. డ్యూటీలో ఉన్నవాళ్ళు అంకెను గ్రూపులో పెట్టాలి. సూపర్‌వైజరు దాని కింద బొటనవేలి గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టారంటే ఫోను చేసే బాధ్యత వాళ్ళది. పది నిమిషాల్లో గుర్తు రాకపోతే డ్యూటీలో ఉన్నవాళ్ళే ఫోను చెయ్యాలి. గుర్తు వచ్చిందా, ఇక ఆ విషయం మరిచిపోవచ్చు. అందరికీ నచ్చిన భాగం అదే.

శనివారం సాయంత్రం ఒక దర్జీ రక్తం ఇచ్చి వెళ్ళాడు. కిడ్నీల జబ్బు మనిషి. ఆదివారం పొద్దున ఏడూ అయిదుకి అతని పొటాషియం ఏడు దాటిందని రాత్రి షిఫ్టు టెక్నీషియను గ్రూపులో పెట్టాడు. గుండె ఎప్పుడైనా ఆగిపోగల అంకె అది. ఏడూ పన్నెండుకి దాని కింద ఆమె ఫోను నుంచి బొటనవేలు వచ్చింది. టెక్నీషియను నిశ్చింతగా ఇంటికి పోయాడు. గ్రూపులో డాక్టరు కూడా ఉన్నాడు, కాకపోతే ఆయన ఆ గ్రూపు నోరు మూసేసి ఏడాదయింది. ఎవరూ ఎవరికీ ఫోను చెయ్యలేదు. సోమవారం మధ్యాహ్నం దర్జీ కుట్టుమిషను మీదికి వాలిపోయాడు. ఆగిన గుండెను మళ్ళీ కొట్టించారు గానీ, ఇవాళ గురువారం, అతను ఇంకా కళ్ళు తెరవలేదు.

పదకొండింటికి విచారణ.

"నేను రాసిపెట్టాను, చూడు," అని భర్త ఫోను ఆమె ముందుకు జరిపాడు. "'హడావుడిలో చూసుకోకుండా నొక్కాను, చింతిస్తున్నాను.' రెండే ముక్కలు. చదివి ఊరుకో. మిగతాది నేను మాట్లాడతాను."

"నొక్కినట్టు నాకు గుర్తు లేదండీ."

"గుర్తుండదు! రోజుకి ఆరొందల మెసేజులు. ఎవరికి గుర్తుంటుంది? నీ తప్పని నేనట్లేదు. అలసట అంతే." గొంతులో బోలెడు జాలి పలికించాడు. "అందుకేగా రేపు సాయంత్రం ఆ మతిమరుపు డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను."

ఆమె నాలుగు రోజులుగా తన బుర్రనే అనుమానిస్తోంది. రాత్రి తలుపు గడియ పెట్టానా లేదా అని రెండుసార్లు లేచి చూస్తోంది. నిన్న ల్యాబులో ఒకే ట్యూబు మీద పేరు మూడుసార్లు సరిచూసింది. తన కళ్ళ మీద తనకి నమ్మకం పోతే, ఆ ల్యాబులో ఇక చెయ్యగలిగిన పనేమీ లేదు. సంతకం చేసే అధికారం తీసేస్తే ఆమె ట్యూబులు కడుక్కోవాల్సిందే. అయినా అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. నిజంగా తనే నొక్కి ఉంటే ఆ దర్జీని తనే పడగొట్టినట్టు.

"ఆ డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్ళాలిరా?" అంది అత్తగారు చిక్కుడుకాయల మీంచి తల ఎత్తకుండా.

"నువ్వు ఊరుకోమ్మా."

"నాలుగు రోజులు ఊరుకున్నాను. ఆదివారం ఏడూ పన్నెండుకి కోడలు స్నానాల గదిలో ఉంది. తువ్వాలు మర్చిపోయానంటే నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. అప్పుడు దాని ఫోను నీ చేతిలో ఉంది."

 భర్త టీ కప్పు బల్ల మీద పెట్టాడు.

"ఏడూ పన్నెండని నీకెలా తెలుసు?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నలన్నీ వదిలేసి దాన్ని పట్టుకున్నాడు.

"ముప్ఫై రెండేళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ప్రతి కాల్‌కీ టైము రాసినదాన్నిరా. గడియారం వైపు చూడకుండా నేను గడప కూడా దాటను. అవతలివాడు నంబరు తిరిగి చెప్తేనే గానీ లైను కలిపేవాళ్ళం కాదు మేము. వెనకటికి చదువు రానివాళ్ళు వేలిముద్ర వేసేవారు. మీరు చదువుకుని, చదవకుండా వేస్తున్నారు."

ఆమె పొయ్యి కట్టేసి ఇటు తిరిగింది. "నిజమేనా అండీ?"

 దొరికిపోయినవాళ్ళు ఎప్పుడూ చేసే పనే చేశాడు ఆయన, కోపం తెచ్చుకున్నాడు.

"అవును! నలభై మూడు పెండింగు ఉన్నాయి. నెలాఖరు. నీ స్పందన శాతం ఎంతో తెలుసా? అరవై ఒకటి. ల్యాబు మొత్తంలో ఆఖరు. మేనేజరు పెళ్ళానిది ఆఖరు! డైరెక్టరుగారికి ఆ పట్టీ నేను పంపాలి. నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"అందుకని నొక్కేశారు."

"అన్నీ వరసగా నొక్కుకుంటూ పోయాను."

"చదవకుండా?"

"చదువుతూ కూచుంటే నలభై మూడు ఎప్పటికి తెముల్తాయి?" ఆ మాట చాలా అమాయకంగా అన్నాడు.

ఆ నలభై మూడు ఏమిటో ఆమె సోమవారమే చూసింది. ఇరవై ఆరు పుట్టినరోజు శుభాకాంక్షలు, తొమ్మిది గేటు దగ్గర అడ్డంగా పెట్టిన ఎవరిదో బండి గురించి, ఏడు టిఫిను డబ్బా మూత పోయిందనీ, దొరికిందనీ, అది ఈ డబ్బాది కాదనీ. ఒకటి దర్జీ ప్రాణం.

"నాలుగు రోజులు నన్ను నమ్మించారు," అంది ఆమె మెల్లగా. "నా మతి పోయిందని నమ్మించారు. డాక్టరు దగ్గర టైము తీసుకున్నారు."

"నీకు ఇరవై రెండేళ్ళ మంచిపేరుంది. ఒక పొరపాటంటే సర్దుకుంటారు. నేనని తెలిస్తే నన్ను ఆ పూటే పంపేస్తారు. నువ్వే ఆలోచించు, ఇద్దరిలో ఎవరు తట్టుకోగలరు?"

ఆమె ఆలోచించలేదు. అత్తగారి వైపు తిరిగింది. "నాలుగు రోజులు మీరెందుకు ఊరుకున్నారత్తయ్యా?"

ముసలావిడ చేతిలో కాయ కింద పెట్టింది. "కన్నాను కనక. వాడే చెప్తాడని చూశాను. నీకు మతిమరుపు అంటగట్టేదాకా పోతాడనుకోలేదు."

"విచారణలో నేను నిజమే చెప్తాను," అంది ఆమె.

"చెప్పు," అంది అత్తగారు. అని మళ్ళీ కాయలు ఒలవడంలో పడింది. 

ఇద్దరూ ఎప్పటిలాగే ఒకే స్కూటరు మీద ఆఫీసుకి వెళ్ళారు.  దారి పొడుగునా ఆయన జేబులో ఫోను సిగ్గు లేకుండా టింగుమంటూనే ఉంది.

విచారణ ఆసుపత్రి కింది అంతస్తులో, పొడుగాటి బల్ల ఉన్న గదిలో పెట్టారు. గోడ మీద పెద్ద తెర. అందులో డైరెక్టరు. ఎక్కడికో కారులో పోతున్నాడు. ముఖం సగమే కనిపిస్తోంది, మిగతా సగం కారు పైకప్పు.

"అందరూ విచారణ గ్రూపులో చేరారా?" అన్నాడు.

ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరు గొంతు సవరించుకుంది. "సూపర్‌వైజరుగారు చేరలేదు సార్. ఆవిడ అన్ని గ్రూపుల్లోంచీ వెళ్ళిపోయారు."

"అయితే ఆవిడ రాలేదా?"

"వచ్చారు సార్. ఎదురుగానే కూర్చున్నారు."

"గ్రూపులో లేకుండా హాజరు ఎలా వేస్తారు?"

ఎదురుగా కూర్చున్న మనిషిని వచ్చినట్టు లెక్కించడానికి ఆ మహానుభావులకి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఆమె ఫోను తీసుకుని, కోడ్ వచ్చేదాకా ఆగి, అది తప్పయితే మళ్ళీ రప్పించి, మొత్తానికి చేర్చారు. చేరగానే బల్ల చుట్టూ ఆరు ఫోన్లు టింగుమన్నాయి. ఆమె తప్ప అయిదుగురూ బొటనవేలు పెట్టారు.

విచారణ కాగితాలు రెండు వందల పధ్నాలుగు పేజీలట. అన్నీ మెసేజుల బొమ్మలే. అవి ఎవరూ చదవలేదు. వాటిని మిషను చేత ఆరు వాక్యాలకి కుదించి, ఆ ఆరూ డైరెక్టరుకి పంపారు. ఆఫీసరు వాటిని పైకి చదివింది. నియమం, సమయం, స్పందన, శాతం అన్నీ ఉన్నాయి. దర్జీ లేడు.

"ఆ మనిషికి ఎలా ఉంది?" అని అడిగింది ఆమె.

"ఎవరికి?" అంది ఆఫీసరు.

రోగి ఉన్నది సరిగ్గా రెండంతస్తుల పైన. మెట్లెక్కి చూసొచ్చినవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. ఐసీయూ గ్రూపులో అప్‌డేట్ రాలేదని ఎవరో గొణిగారు. వీళ్ళ మీద కోపం కూడా దండగ అనిపించింది ఆమెకి. ఇరవై రెండేళ్ళు వీళ్ళ కోసమా తను నిద్ర మానుకుని ట్యూబుల మీద పేర్లు సరిచూసింది!

"ఏడూ పన్నెండుకి మీ బొటనవేలు ఉంది," అన్నాడు డైరెక్టరు. "ఒప్పుకుంటారా?"

"ఫోను నాది. వేలు నాది కాదు."

"మరి ఎవరిది?"

ఆమె చెప్పలేదు. పక్క కుర్చీ వైపు చూసింది. ఆయనకి ఆ మాత్రం అవకాశం ఇవ్వాలనుకుంది. పదహారేళ్ళ కాపురం తర్వాత ఒక మనిషికి ఒక్క నిమిషం ఇవ్వడం పెద్ద విషయం కాదు. ఆ నిమిషంలో ఆయన లేచి నిలబడతాడని కూడా ఆమె ఎందుకో ఆశపడింది.

ఆయన లేచి నిలబడ్డాడు.

"నేనే నొక్కాను సార్," అన్నాడు. ఆమె గుండె ఒక్కసారి తేలికపడింది. "కానీ ఆవిడే నొక్కమంది."

"ఏమిటీ?" అంది ఆమె.

"రెండు నెలల కిందట. రెండు షిఫ్టులు చేసి ఇంటికొచ్చింది. మెసేజులు చూడమంటే ఫోను నా మీదికి విసిరేసింది. 'మీరే నొక్కుకోండి, నన్ను చంపకండి' అంది. లాక్ నంబరు కూడా తనే చెప్పింది. ఆవేళ్టి నుంచి ప్రతి ఆదివారం నేనే నొక్కుతున్నాను సార్. తను చెప్పిన పనే చేశాను."

తెరలో కారు ఎక్కడో ఆగింది. డైరెక్టరు ముఖం మొదటిసారి పూర్తిగా కనిపించింది. "నిజమేనా అమ్మా?"

లేదని చెప్పడానికి నోరు తెరిచింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం, వాచిన కాళ్ళు, ఫోనులో మూడు వందల పన్నెండు మెసేజులు, వెనకాలే తిరుగుతూ సణుగుతున్న ఈ మనిషి. విసిరేసింది. అంది. ఆ తర్వాత ఏ ఆదివారం చూసినా ఫోను ఖాళీగా ఉండేది. ఆదివారాలు జనం తక్కువ రాస్తారు కాబోలు అనుకుంది. హాయిగా ఉంది గనక ఇంకేమీ అడగలేదు. నాలుగు రోజులు బుర్రంతా తవ్వుకుంది గానీ, ఆ ఒక్క సాయంత్రం జోలికి మాత్రం పోలేదు.

పక్కనున్న మనిషిని ఎంత అసహ్యించుకుందో, ఆ క్షణాన తనని తాను అంత అసహ్యించుకుంది.

"అన్నాను," అంది.

డైరెక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే ఇద్దరి పొరపాటూ ఉంది. సరే. సంతకం సంగతి సోమవారం చెప్తాం. ఇలాంటిది మళ్ళీ జరక్కుండా, బొటనవేలు పెట్టింది ఎవరో నిర్ధారించడానికి ఒక కొత్త గ్రూపు పెట్టండి. ఇంకో మాట. రోగి మనుషులతో ఎవరూ మాట్లాడకూడదు. చెప్పాల్సిందేదో లీగల్ వాళ్ళు రాసిస్తారు."

టింగుమంది. అయిదు బొటనవేళ్ళు లేచాయి. టింగు సారుది అందరికంటే ముందు.

ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త, వెనకాలే వరండాలోకి వచ్చి.

"పైకి."

"మాట్లాడొద్దన్నారు! విన్నావా లేదా? నోరు విప్పావంటే నీ సంతకమే కాదు, ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి."

"ఇందాక నన్ను ముంచేటప్పుడు ఇద్దరం అనిపించలేదే మీకు."

మెట్లెక్కింది. వెనకాల ఆయన చెప్పుల చప్పుడు సగం మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది.

ఐసీయూ బయట పొడుగు బెంచీ మీద ఒక్క మనిషే కూర్చుని ఉంది. దర్జీ భార్య. ఒళ్ళో ఎవరిదో ప్యాంటు, దాని అంచు చేత్తో కుడుతోంది.

"శనివారానికి ఇస్తామని చెప్పామండీ," అంది, ఎవరో తప్పుపట్టినట్టు. "పెళ్ళికి వేసుకోవాలంట పాపం."

"ఎలా ఉన్నారు?" అని అడిగింది ఆమె.

కుట్టే చెయ్యి ఆగింది. దర్జీ భార్య తలెత్తి, ముఖం చూసింది. పోల్చింది ముఖాన్ని కాదు.

"మీరు ల్యాబు అక్క కదూ! ఆ గొంతు నాకు తెలుసు. నిరుడు రెండుసార్లు ఫోను చేశారు. ఒకసారి తెల్లారగట్ల. ఉన్నపళంగా తీసుకురమ్మన్నారు, తెచ్చాం, బతికారు. మిమ్మల్ని చూడ్డం ఇదే. కూర్చోండక్కా."

ఆమె కూర్చుంది. ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కుంటోంది.

"పొద్దున వేళ్ళు కదిలించారంట. నర్సు చెప్పింది." దర్జీ భార్య సూదిని గుడ్డలో గుచ్చి ఉంచింది. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పండక్కా. మీకు తెలుస్తుంది. ఆదివారం రోజంతా ఆయన ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం కాళ్ళు బరువుగా ఉన్నాయి, ఆసుపత్రికి పోదామా అన్నారు. నేనే వద్దన్నాను. 'ల్యాబు అక్క ఫోను చెయ్యలేదుగా, రిపోర్టు బాగానే ఉండుంటుంది, పొద్దున చూద్దాంలే' అన్నాను. ఆయన సరేనని పడుకున్నారు."

ఆమె గుడ్డలో గుచ్చిన సూది వైపు చూసింది.

"ఆ మాట నేను అనకుండా ఉంటే ఆవేళే వచ్చేవాళ్ళం. మా ఆడపడుచు కూడా అదే అంటోంది. నేనే పోనివ్వలేదని." దర్జీ భార్య ఆమె మోచెయ్యి పట్టుకుంది. "తప్పు నాదే కదక్కా?"

మెట్ల మలుపులో భర్త తల కనిపించింది. వద్దు, వద్దని చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు.

"కాదమ్మా," అంది ఆమె. "నీది కాదు."

దర్జీ భార్య చెయ్యి వదల్లేదు. కళ్ళు తుడుచుకుని ఇంకా దగ్గరికి జరిగింది.

"మరి ఎవరిదక్కా?"